భావించడం అమ్మకి చేతకాలేదు

మా వదిన కిందటి నెల ఉయ్యూరులో చనిపోయింది. వదిన అంటున్నాను గాని, లోకం లెక్కలో ఆవిడ నాకు వదిన కాకుండా పోయి నలభై ఏళ్ళు దాటింది. పెద్దకర్మకి వెళ్ళాను. ముందుగదిలో ఆవిడ ఫోటోకి దండ వేసి, దీపం పెట్టి, ఆ పక్కనే టీవీ పెట్టుకుని కూర్చున్నారు మగవాళ్ళు. సరిహద్దులో మళ్ళీ ఏదో గొడవట. సూటూ బూటూ వేసుకున్న పెద్దమనుషులు ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరుస్తున్నారు. గట్టిగా కొట్టాలంటాడొకడు, ఈసారి బుద్ధి చెప్పి వదలాలంటాడు ఇంకొకడు. వదిన మనవడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మంచి కుర్రాడే, నా పక్కన చేరి, "మీరు పొలిటికల్ సైన్స్ లెక్చరర్ కదండీ మామ్మగారూ, యుద్ధమే వస్తే ఎవరు గెలుస్తారంటారు?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. గుడివాడలో ముప్పై ఏళ్ళపాటు అగ్రరాజ్యాల గురించీ, శక్తి సమతౌల్యం గురించీ పాఠాలు చెప్పిన మాట నిజమే. ఆ ప్రశ్న ఏటా పరీక్షలో వచ్చేది, పిల్లలు బట్టీపట్టి రాసేవాళ్ళు, నేను మార్కులు వేసేదాన్ని. నాకు తెలీదు నాయనా, ఆ టీవీ కాస్త కట్టెయ్యి, మీ నాయనమ్మ ఫోటో పక్కన ఆ మాటలు వద్దు అన్నాను. కట్టేశాడు పాపం. ఎందుకు వద్దన్నానో వాడికి తెలియదు. వాళ్ళ నాయనమ్మకీ మాకూ ఉన్న చుట్టరికం ఏమిటో కూడా సరిగ్గా తెలియదని భోజనాల దగ్గర అర్థమైంది. గుడివాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెరకు తోటలు చూస్తూ, ఇది ఎవరో ఒకరు రాయాలి అనుకున్నాను. రాయడానికి మిగిలింది నేనొక్కదాన్నే.

బందరులో మా ఇల్లు రెండు గదులూ ఒక వసారా. వంట ఊకపొయ్యి మీద. పొద్దున్నే అమ్మ ఆ పొయ్యిలో ఊక కూరి, మధ్యలో రోకలిబండ నిలబెట్టి గట్టిగా దట్టించి, బండ మెల్లిగా పైకి తీసేది. అది అంటుకుంటే ఇల్లంతా తియ్యటి పొగ వాసన, దాని వెనకాల కాఫీ గింజలు వేయించే వాసన, గాలి అటునుంచి తిరిగితే రేవు వైపు ఎండుచేపల వాసన. నాన్న హైస్కూల్లో సాంఘికశాస్త్రం మాస్టారు. వసారా గోడకి ప్రపంచ పటం ఒకటి తగిలించి ఉండేది, దాని కింద ఆయన పడక్కుర్చీ. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, ఆ కుర్చీలో కూర్చున్నారంటే చాలు, వీధిలో ఉన్న నలుగురూ చేరేవాళ్ళు. రష్యా ఎందుకు మనవైపు ఉంది, చైనా ఎందుకు లేదు, అమెరికా వాడికి మన సముద్రంతో ఏం పని, ఇవే మాటలు. నాన్న దగ్గర పొడుగాటి వెదురు బెత్తం ఉండేది, పిల్లల్ని కొట్టడానికి కాదు, దేశాలు చూపించడానికి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన చెప్పినంత బాగా నేను ఏనాడూ చెప్పలేకపోయాను. బలమున్న రాజ్యం మాట్లాడుతుంది, బలం లేని రాజ్యం వింటుంది, సమానమైన బలం ఉంటే ఇద్దరూ ఒప్పందానికొస్తారు అనేవారు. అదంతా గడియారంలో చక్రాల్లాగా ఒకదాన్ని పట్టుకుని ఒకటి తిరుగుతుందని ఆయన నమ్మకం.

డెబ్భై ఒకటిలో పాకిస్తానుతో యుద్ధం జరిగిన ఆ చలికాలంలో అమెరికా యుద్ధనౌకలు బంగాళాఖాతంలోకి వస్తున్నాయని రేడియోలో చెప్పారు. మర్నాడు సగం ఊరు సైకిళ్ళేసుకుని మంగినపూడి ఒడ్డుకి వెళ్ళింది ఓడలు చూడ్డానికి. అవి వందల మైళ్ళ అవతల ఉంటాయయ్యా, మనకి కనపడవు అని నాన్న నెత్తీనోరూ కొట్టుకున్నా ఎవరూ విన్లేదు. వేరుశనక్కాయలు తినొచ్చారు. మేం మాత్రం వెళ్ళలేదు. అప్పటికి మా అన్నయ్య రఘు పంజాబు సరిహద్దులో ఉన్నాడు. డిగ్రీ మధ్యలో వదిలేసి, గుడివాడలో సైన్యంలోకి తీసుకుంటున్నారంటే వెళ్ళి ఎంపికై వచ్చాడు. నాన్న గోడమీద పటం చూస్తూ పెరిగినవాడు, ఆ గీతలు దగ్గర్నుంచి చూడాలని వాడికి సరదా. యుద్ధానికి ముందు వేసవిలోనే పెళ్ళయింది. వదిన పేరు సుభద్ర, దివిసీమ పిల్ల, కోడూరు అవతల సముద్రానికి దగ్గర్లో పల్లెటూరు వాళ్ళది. వాళ్ళిద్దరూ కలిసి ఉన్నది ఒక్క సెలవే. యుద్ధం తొందరగానే అయిపోయింది, మనం గెలిచాం, ఊళ్ళో లడ్డూలు పంచారు. ఆ తర్వాత కొద్ది రోజులకి టెలిగ్రాం వచ్చింది, మిస్సింగ్ అని.

మొదట మిస్సింగ్ అన్నారు. చాలాకాలం తర్వాత, చనిపోయినట్టే భావించాలన్నారు. ఆ మాట చెప్పడానికి ఒక సైనికాధికారి ఇంటికి వచ్చాడు, ఎంతో మర్యాదగా మాట్లాడాడు, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు. ఆయన వెళ్ళాక అమ్మ నాన్నని ఒకటే అడిగింది, వాళ్ళు చూశారా అని. చూడలేదు, భావిస్తున్నారు అన్నారు నాన్న. ఆ భావించడం అమ్మకి చేతకాలేదు. వదిన కుంకుమ అలాగే ఉంది, గాజులు అలాగే ఉన్నాయి. మా వైపు ఒక పద్ధతుంది. మనిషి పోయాడో ఉన్నాడో తెలియనప్పుడు పన్నెండేళ్ళు చూడాలి, ఆ తర్వాతే దర్భలతో మనిషి బొమ్మ చేసి కర్మ చెయ్యాలి అంటారు. అప్పటిదాకా భార్య ముత్తయిదువే. పేరంటాలకి పిలుస్తారు, పసుపు రాస్తారు, తాంబూలం ఇస్తూ ఆ పిల్ల మొహం వంక మాత్రం చూడరు. ఆ ఇబ్బంది పడలేక వదిన పేరంటాలకి వెళ్ళడమే మానేసింది.

సుభానీ మావయ్య గురించి ఇక్కడ చెప్పాలి. మావయ్య అంటే చుట్టం కాదు, మా వెనకవీధిలో ఉండే ముస్లిం పెద్దాయన, అద్దకం బట్టల వ్యాపారం. మనిషి గుమ్మంలోకి వస్తే ముందు కరక్కాయ వాసన వచ్చేది, బట్టకి రంగు పట్టాలంటే ముందు కరక్కాయ నీళ్ళలో నానబెడతారు. అమ్మని చెల్లెమ్మా అనేవారు, అమ్మ అన్నయ్యగారూ అనేది. యుద్ధమయిన కొత్తల్లో అవతలి దేశం రేడియోలో, తమకి పట్టుబడిన మన సిపాయిల పేర్లు చదివేవారు. ఉర్దూలో చదివే ఆ వార్తలు మా ఇంట్లో ఎవరికీ అర్థం కావు. సుభానీ మావయ్య అడక్కుండానే ఆ పని నెత్తిన వేసుకున్నారు. సాయంత్రం వాళ్ళింట్లో రేడియోకి చెవి ఆనించి కూర్చుని, ఆ గరగరలోంచి పేర్లు ఏరుకుని, నమాజు అయ్యాక మా వసారాలోకి వచ్చి, నిలబడే, "ఇవాళ లేదమ్మా" అని చెప్పి, తర్వాత కూర్చునేవారు. ఎవరో గిట్టనివాడు ఆకాశరామన్న ఉత్తరం రాసినట్టున్నాడు, పాకిస్తాను రేడియో వింటున్నాడని. పోలీసులు వచ్చి ఆయన్ని వీధిలో నిలబెట్టి ప్రశ్నలు వేస్తుంటే, ఎప్పుడూ గడప దాటి మాట్లాడని మా అమ్మ తడిచేతులతోనే పరుగెత్తుకెళ్ళింది. నా కొడుకు మీ అందరికోసం వెళ్ళాడు, ఈయన నా కొడుకు కోసం వింటున్నాడు, రాసుకోండి అంది. ఎస్సై గారు రాసుకోలేదు. మంచినీళ్ళడిగి తాగి వెళ్ళిపోయాడు.

తర్వాత ఒప్పందాలు జరిగాయి. వాళ్ళ సైనికుల్ని వేలకి వేలమందిని మనం బందీలుగా పట్టుకున్నాం, వాళ్ళందర్నీ రైళ్ళెక్కించి వెనక్కి పంపించాం. మన వాళ్ళూ కొందరు తిరిగొచ్చారు. అన్నయ్య రాలేదు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నాన్న వసారాలో ఆ ఒప్పందం గొప్పతనం చెబుతున్నారు. గెలిచినవాడు ఉదారంగా ఉంటేనే శాంతి నిలుస్తుందనీ, బందీల్ని పట్టుకుని బేరమాడడం గొప్ప రాజ్యం లక్షణం కాదనీ. అమ్మ కాఫీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చి ఆగింది. "మన చేతిలో అన్ని వేలమంది ఉన్నారన్నారు కదండీ. నా ఒక్క కొడుకు సంగతి అడగడానికి అంతకంటే ఇంకెంతమంది కావాలి?" అంది. గట్టిగా కూడా అనలేదు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. నాన్న చాలాసేపు ఆ బెత్తం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ ప్రశ్నకి జవాబు నా సిలబస్‌లో కూడా ఎక్కడా లేదు. వెతికాను.

అలా ఏళ్ళు గడిచాయి. నేను స్కూలు దాటి కాలేజీలో చేరాను. సుభానీ మావయ్య ప్రతి సాయంత్రం వస్తూనే ఉన్నారు, ఇవాళ లేదమ్మా అని చెబుతూనే ఉన్నారు. అమ్మ తల ఊపి లోపలికి వెళ్ళేది. అది మా ఇంట్లో దీపం పెట్టడం లాంటి ఒక పనై కూర్చుంది. వదిన ఆ మాట వినపడగానే ఏ పనిలో ఉన్నా ఒక్క క్షణం చెయ్యి ఆపి, మళ్ళీ మొదలుపెట్టేది. ఇద్దరం ఒక మంచం మీదే పడుకునేవాళ్ళం. నాకంటే ఎంతో పెద్దది కాదు. నా జడ వేస్తూ కాలేజీ కబుర్లన్నీ చెప్పించుకునేది, నవ్వేది, నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆపేసేది. భర్త ఏమయ్యాడో తెలియని ఆడది అంత నవ్వకూడదని ఎవరు చెప్పారో దానికి. ఎవరూ చెప్పలేదు, అదే నా బాధ.

అప్పుడొచ్చింది ఉప్పెన. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, ఆ ఏడు కృష్ణాజిల్లాలో ఉన్న వాళ్ళెవరూ మర్చిపోలేరు. బందరులోనే ఇళ్ళు కూలాయి, మా వసారా పెంకులు ఎగిరిపోయాయి. నీళ్ళు తీశాక నాన్నా నేనూ వదినని తీసుకుని దివిసీమకి బయల్దేరాం. పులిగడ్డ దాటాక బస్సు లేదు, బండీ లేదు. నడిచాం. తుమ్మచెట్లకి చీరలు చుట్టుకుని ఉన్నాయి. పొలాల్లో పశువులు ఉబ్బిపోయి పడి ఉన్నాయి. ఆ వాసన ఇప్పటికీ ఒక్కోసారి కారణం లేకుండా ముక్కుకి తగులుతుంది, ఎక్కడున్నా లేచి వెళ్ళిపోతాను. వదిన వాళ్ళ ఊళ్ళో వాళ్ళిల్లు ఉన్నచోట అరుగు ఒక్కటే మిగిలింది. వాళ్ళమ్మ, తమ్ముడు కొబ్బరిచెట్టు పట్టుకుని బతికారు. వాళ్ళ నాన్న దొరకలేదు. రోజూ వెతికారు, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఒక్కో శవాన్నీ తిప్పి చూశారు. వదిన కూడా చూసింది. దొరకలేదు. చివరికి పురోహితుడు కృష్ణ ఒడ్డున దర్భలతో బొమ్మ చేయించి కర్మ మొదలుపెట్టించాడు. పన్నెండేళ్ళు చూడాలి కదండీ అని ఎవరో అడిగితే, ఉప్పెనలో పోయినవాళ్ళకి ఆ పద్ధతి లేదు, సముద్రం ఎవర్నీ బతికుండగా దాచిపెట్టదు అన్నాడు. ఆ ఒడ్డు పొడుగునా అలాంటి బొమ్మలు వరసగా ఉన్నాయి. ఆ రోజు దివిసీమలో ఎంతమంది భార్యలు, ఎంతమంది భర్తలు ఆ ఒక్క మాటతో ఎదురుచూపు లేకుండా బయటపడ్డారో వదిన నిలబడి చూసింది.

తిరిగి బందరు వచ్చాక ఆ పిల్ల మారిపోయింది. ఏడవడం లేదు, మాట్లాడడం లేదు. ఒకరోజు నాన్నకి అన్నం వడ్డిస్తూ, మా నాన్న శవం కూడా దొరకలేదు కదా మావయ్యగారూ, ఆయనకి కర్మ చేస్తే ఎవరూ తప్పనలేదు, ఈయన విషయంలో ఎందుకు తప్పవుతుంది అని అడిగింది. నాన్న ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించారు. సముద్రం వేరమ్మా, రాజ్యం వేరు, రాజ్యం తల్చుకుంటే మనిషిని ఎన్నేళ్ళైనా ఎవరికీ తెలియకుండా ఉంచుకోగలదు అన్నారు.

"అయితే సముద్రమే నయం మావయ్యగారూ," అంది వదిన.

ఆ సాయంత్రమే సుభానీ మావయ్య వచ్చి ఇవాళ లేదమ్మా అనగానే, వంటింట్లోంచి వదిన వసారాలోకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ ఆయన ముందుకి రాదు. బాబాయిగారూ, ఆ పేర్లు ఇంకా చదువుతున్నారా అని అడిగింది. ఆయన నాన్న వంక చూశారు, నాన్న నేల వంక చూశారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, "లేదమ్మా. చదవడం ఆపేసి చాలా ఏళ్ళయింది," అన్నారు. ఖైదీల మార్పిడి అయిపోయిన తర్వాత ఆ రేడియోలో ఒక్క పేరూ చదవలేదట. నాన్నకి తెలుసు. ఇద్దరూ అనుకునే దాచారు, చెల్లెమ్మకి ఎలా చెప్పాలో తెలియక. అమ్మ ఏమైపోతుందోనని నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. నాకు తెలుసన్నయ్యగారూ అంది. మొదట్నుంచీ తెలుసంది. ఆ మాట అంటే మీరు రావడం మానేస్తారు, మీరు కూడా మానేస్తే ఈ ఊళ్ళో నా కొడుకు ఊసెత్తేవాళ్ళు ఇంకెవరున్నారు అంది. పెద్దాయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మర్నాడు సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే కుర్చీ వేసి ఉంచింది. ఆయన వచ్చారు. ఏమీ చెప్పకుండా కూర్చున్నారు.

ఆ మరుసటి ఏడు రెండు దేశాలకీ మళ్ళీ మాటలు కలిశాయి. నాన్నకి ప్రాణం లేచొచ్చింది, ఇక రాకపోకలు మొదలవుతాయి, ఖైదీల విషయం కూడా కదులుతుంది అని అందరికీ చెప్పేవారు. మన క్రికెట్ జట్టు అక్కడికి ఆడడానికి వెళ్ళింది. ఎన్నో ఏళ్ళ తర్వాత వెళ్ళడం, దేశమంతా రేడియోలకి అతుక్కుపోయింది. సుభానీ మావయ్య తన రేడియో మోసుకొచ్చి మా వసారాలో పెట్టారు. క్రికెట్ అంటే కర్రా బంతీ అని మాత్రం తెలిసిన మా అమ్మ, చేటలో కందిపప్పు పోసుకుని రేడియో దగ్గర కూర్చునేది. స్కోరు ఆవిడకి అక్కర్లేదు. లాహోరు మైదానంలో జనం ఒక్కసారిగా హోరుమన్నప్పుడు రాళ్ళు ఏరడం ఆపి, కళ్ళు మూసుకుని వినేది. కొడుకుని పట్టుకుని ఉంటే ఆ ఊరి జైల్లోనే పెట్టి ఉంటారని ఆవిడ లెక్క. "ఆ గోల జైలు దాకా వినపడుతుందంటారా అన్నయ్యగారూ?" అని అడిగిందొకసారి. వినపడుతుందమ్మా, గ్రౌండు ఊరి మధ్యలోనే ఉంటుంది అన్నారాయన. ఆయన ఏనాడూ లాహోరు చూసినవాడు కాదు. ఇక ఆ నాలుగు రోజులూ అమ్మ కదల్లేదు. ఈ చప్పుడు ఇప్పుడు వాడి చెవిలో కూడా పడుతోంది, నా చెవిలోనూ పడుతోంది అని నాతో రహస్యంగా చెప్పింది. ఆవిడ మొహం అంత తేటగా ఉండడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. నాకు భయమేసింది.

వదిన ఆ వసారాలోకి రాలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం జనం గోల మరీ ఎక్కువైంది. మంచినీళ్ళు అడుగుదామని అమ్మ సుభద్రా అని పిలిచింది, పలకలేదు. లేచి పెరట్లోకి వెళ్ళింది, వెనకే నేనూ. నూతి పక్కన, గోడవైపు తిరిగి, పమిటచెంగు రెండు చెవుల్లోనూ కుక్కుకుని, పైన చేతులు నొక్కిపెట్టి కూర్చుని ఉంది వదిన. మమ్మల్ని చూడలేదు. అమ్మ పిలవలేదు. అక్కడే నిలబడి చూసింది, చూసి వెనక్కి వచ్చి, రేడియో కట్టెయ్యండి అన్నయ్యగారూ అంది. ఆట అయిపోవస్తోందమ్మా అన్నారాయన. చాలు, కట్టెయ్యండి అంది.

అప్పటికే వదిన తమ్ముడు ఒక సంబంధం మాట తెచ్చి ఉన్నాడు, నాన్న దగ్గర మాత్రం చెప్పాడు. ఉయ్యూరులో డ్రిల్లు మాస్టారు, దివిసీమ మనిషి, పెళ్ళాం ఉప్పెనలో కొట్టుకుపోయింది, ఆవిడా దొరకలేదు, ఒడ్డున అందరితో పాటు కర్మ చేశాడు. పేరు వెంకటరత్నం. నాన్న ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక నలిగిపోతున్నారు. ప్రపంచంలో ఉన్న రాజ్యాలన్నిటి మధ్యా రాజీ కుదర్చగల మనిషి, అమ్మ ముందు నోరు మెదపలేకపోయారు. చివరికి అమ్మే అడిగింది, ఆ ఉయ్యూరాయన సంగతి ఏమిటి అని. ఇంట్లో అమ్మకి తెలియని విషయం ఏదీ ఉండేది కాదు. నాన్న సంజాయిషీ మొదలుపెట్టబోతే ఆపేసింది. "నా కొడుకుని వాళ్ళు ఖైదులో పెట్టుకున్నారో లేదో నాకు తెలీదండీ. దీన్ని మాత్రం నేనే పెట్టుకున్నాను," అంది.

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. పెద్దవాళ్ళందరూ ఒక్కటే మాట: ముందు రఘుకి కర్మ చెయ్యండి, ఆ పిల్ల బొట్టూ గాజులూ తీయించండి, విధవ అయ్యాక మళ్ళీ పెళ్ళి చేస్తారో మానతారో మీ ఇష్టం, కాలం మారింది కాబట్టి మేం కాదనం. పురోహితుడు కూడా అదే చెప్పాడు, పన్నెండేళ్ళ నియమం సడలించడానికి ఏదో ప్రాయశ్చిత్తం కూడా ఉందన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. నా కొడుకుకి కర్మ చెయ్యను, నా కోడలికి పెళ్ళి చేస్తాను అంది. అది ఎక్కడన్నా ఉందా అన్నారు. బతికుంటే ఆ పెళ్ళి చెల్లదు, చెల్లాలంటే వాడు పోయాడని ఒప్పుకోవాలి, రెంట్లో ఒకటి చెప్పు అన్నారు. అమ్మ రెండూ చెప్పింది. తెల్లవార్లూ వాదించినా అదే చెప్పేది. చట్టం దృష్టిలో ఏ ఆటంకమూ లేదని నాన్న విచారించి వచ్చారు, ప్రభుత్వం ఎప్పుడో భావించేసింది కదా. పురోహితుడు రానన్నాడు. గుడివాడలో మా పినతండ్రి ఇంట్లో దండల పెళ్ళి ఏర్పాటు చేశారు. మంత్రాలూ హోమమూ లేకుండా, పదిమంది ముందు దండలు మార్చుకోవడం, అప్పట్లో మా జిల్లాలో అలాంటివి జరుగుతుండేవి.

వదిన మాత్రం చివరి నిమిషందాకా వద్దనే ఏడ్చింది. నాకు తెలుసు, ఆవిడకి ఇష్టమే. ఆ ఇష్టమే ఆవిడని ఏడిపించింది. అమ్మ దాన్ని ముందు కూర్చోబెట్టుకుని, తల దువ్వి, పాత బొట్టు చెరపకుండా దానిమీదే కొత్త కుంకుమ దిద్దింది. సుభానీ మావయ్య తమ అద్దకం చీర తెచ్చారు. పెళ్ళికొడుకు పొడుగ్గా, బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు. దండలు మార్చుకోబోయే ముందు ఆయన అమ్మ దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. గొంతు తగ్గించి, "అమ్మా, మీరు కర్మ చెయ్యలేదని విన్నాను. రేపొద్దున ఆయన వస్తే?" అని అడిగాడు. అడగడం తప్పు కాదు, నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

"వస్తే వాడికి నేను చెప్పుకుంటాను బాబూ," అంది అమ్మ. "మీ గుమ్మం దాకా రానివ్వను. మీరు నిశ్చింతగా ఉండండి."

వాళ్ళు నిశ్చింతగానే ఉన్నారు. ఉయ్యూరులో పిల్లలు పుట్టారు, ఇల్లు కట్టుకున్నారు. వదిన ఏడాదికోసారి వచ్చి అమ్మని చూసి వెళ్ళేది, అత్తయ్యా అనే పిలిచేది. అమ్మకే నిశ్చింత పోయింది. అంతకుముందు కొడుకు రావాలని ఎదురుచూసేది. ఆ తర్వాత కొడుకు వస్తే ఏం చెప్పాలా అని ఎదురుచూసింది. వీధిలో ఎవరైనా మగమనిషి మా ఇంటివైపు నడిచొస్తుంటే, సంతోషం, భయం రెండూ ఒకేసారి ఆవిడ మొహంలోకి వచ్చేవి. తనలో తను గొణుక్కునేది. ఒకరోజు బియ్యం కడుగుతూ పైకే అనేసింది, దాని తప్పేం లేదురా, నేనే పంపించాను అని. నేను విన్నానని తెలిసి సిగ్గుపడింది. ఆ తర్వాత నాతో దాచలేదు. ఎక్కువ చెప్పకూడదు, ఏడవకూడదు, ముందు అన్నం పెట్టాలి, తిన్నాక చెప్పాలి, ఇలా ఎన్ని రకాలుగా అనుకునేదో. నాన్న పోయారు, సుభానీ మావయ్య పోయారు. అమ్మ మంచాన పడ్డాక నా చెయ్యి పట్టుకుని, నేను పోయాక వాడొస్తే నువ్వు చెప్పు లలితా, ముందు అన్నం పెట్టు అంది. సరేనన్నాను.

నేను చదువుకున్నదాన్ని, పాఠాలు చెప్పినదాన్ని. దేశాల మధ్య యుద్ధాలు ఎందుకు వస్తాయో, ఎలా ఆగుతాయో, బలం ఎవరి చేతిలో ఉంటే ఎవరు ఎవర్ని ఏమడగగలరో అన్నీ బోర్డు మీద గీసి చెప్పాను. మా నాన్న నమ్మినట్టు నేనూ నమ్మాను కూడా. ఇప్పుడు టీవీల్లో అరిచేవాళ్ళకి మా నాన్నకున్న నమ్మకం కూడా లేదు, ఆయన కనీసం శాంతి కోసం వాదించేవారు. గెలిచిన యుద్ధంలో మా ఇంటికి దక్కింది, ఒక ముసలావిడ ఇరవై ఏళ్ళు వల్లించుకున్న ఒక్క జవాబు. అది ఇప్పుడు నా దగ్గరుంది. అన్నయ్యకి ఎనభై దగ్గరపడి ఉంటాయి. రాడని నాకు తెలుసు. కాని తెలియడం వేరు, భావించడం వేరు, అమ్మ రక్తం నాలోనూ ఉంది. వదిన కూడా వెళ్ళిపోయింది గనక, ఇక నేను కూడా పోతే చెప్పేవాళ్ళుండరని ఇది రాశాను. అన్నయ్యా, వదిన తప్పేం లేదు. ఏడుస్తూనే వెళ్ళింది. అమ్మే పంపించింది.